డేటాబేస్ లెక్కల్లో ఇంటిజర్ ఓవర్‌ఫ్లో: ఎస్‌క్యూఎల్ నుంచి సీ కోడ్ దాకా ఎలా పట్టుకోవాలి?

గజం 85,000 రూపాయల చొప్పున 300 గజాల స్థలం ఉందనుకుందాం. విలువ 2 కోట్ల 55 లక్షలు. ధరను పైసల్లో, 32 బిట్ల ఇంటిజర్ కాలమ్‌లో దాచిన సాఫ్ట్‌వేర్‌లో ఈ ఒక్క గుణకారానికి ఎన్ని జవాబులు రావచ్చో చూడండి. పోస్ట్‌గ్రెస్ ‘ఇంటిజర్ అవుటాఫ్ రేంజ్’ అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ గుణకారం సరిగ్గానే చేసి, ఫలితాన్ని ఇంట్ కాలమ్‌లో పెట్టబోయినప్పుడు ఆగుతుంది. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను తిరస్కరించే సెట్టింగ్) తీసేసి ఉంటే మాత్రం 2,14,74,836 రూపాయల 47 పైసలని రాసేసి ఓ వార్నింగ్ పడేసి ఊరుకుంటుంది. ఎస్‌క్యూలైట్ సరైన విలువే ఇస్తుంది. ఇదే గుణకారం జావా ఇంట్‌లో జరిగితే వచ్చేది మైనస్ 1,74,49,672 రూపాయల 96 పైసలు. ఎర్రరూ ఉండదు, వార్నింగూ ఉండదు. ఇలా పూర్ణసంఖ్యల లెక్క ఫలితం దానికిచ్చిన బిట్లలో పట్టక పొంగిపోవడమే ఇంటిజర్ ఓవర్‌ఫ్లో.

తేడా అంతా లెక్క ఎన్ని బిట్ల వెడల్పులో జరిగిందన్న దగ్గరే ఉంది. ఫలితాన్ని దాచే కాలమ్ ఎంత పెద్దదైనా లెక్క ఇరుకులో జరిగితే ప్రయోజనం లేదు. కింది అడుగులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. ఎక్కువ ఉదాహరణలు పోస్ట్‌గ్రెస్‌వి. మిగతా డేటాబేసులు ఎక్కడ వేరుగా నడుచుకుంటాయో అక్కడక్కడ చెప్పాం. కోడ్ వరసల్ని తెలుగు లిపిలో రాశాం, ఎడిటర్‌లో కొట్టేటప్పుడు కీవర్డులూ ఫంక్షన్ పేర్లూ మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి.

1. హద్దుల్ని కోట్లలో తెలుసుకోండి

స్మాల్‌ఇంట్ 16 బిట్లది: −32,768 నుంచి 32,767 దాకా. ఇంటిజర్ 32 బిట్లది: −2,14,74,83,648 నుంచి 2,14,74,83,647 దాకా, అంటే 214 కోట్ల పైచిలుకు. బిగ్‌ఇంట్ 64 బిట్లది. దాని గరిష్ఠం 92,23,37,20,36,85,47,75,807.

214 కోట్లంటే చాలనిపిస్తుంది. దేశ జనాభా అంతా ఇమిడిపోతుంది మరి. కానీ డబ్బును పైసల్లో దాచగానే అది 2 కోట్ల 14 లక్షల రూపాయలకు పడిపోతుంది. మిల్లీసెకన్లు లెక్కపెడితే 25 రోజుల్లోపే నిండిపోతుంది. 1970 నుంచి సెకన్లను లెక్కించే 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న, మన సమయం ఉదయం 8:44:07 తర్వాత పొంగుతుంది. యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులోనే నెలకు 1,000 కోట్లు దాటాయి. అలాంటి చోట వరస సంఖ్యకు ఇంటిజర్ పెడితే ఒక వారం గడవదు.

మొబైల్ నంబరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన నంబర్లు 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలవుతాయి, 10 అంకెలుంటాయి. అంటే 600 కోట్లకు తక్కువైన నంబరే లేదు, ఒక్కటీ ఇంటిజర్‌లో పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ లేని పాత మైఎస్‌క్యూఎల్‌లో దాన్ని ఇంట్ కాలమ్‌లో పెడితే ఖాతాదారులందరికీ ఒకే నంబరు కనిపిస్తుంది: 2147483647. ఏ టేబుల్‌లోనైనా ఈ సంఖ్య పదేపదే కనిపిస్తే అది ఎవరి నంబరూ కాదు, కత్తిరించిన విలువ. మొబైల్ నంబరుతో కూడికలు చేయం కాబట్టి అది టెక్స్ట్ కాలమ్‌లో ఉండాల్సిన సరుకు.

ఇంకొక్క సంగతి. నెగెటివ్ వైపు ఒక సంఖ్య ఎక్కువ ఉంది. అందుకే −2,14,74,83,648ని పాజిటివ్ చేయబోతే, అంటే దాని ముందు మైనస్ పెట్టినా, ఏబీఎస్ ఫంక్షన్‌కి ఇచ్చినా, −1తో భాగించినా హద్దు దాటుతుంది. చాలామంది పరీక్షల్లో మర్చిపోయే మూల ఇదే.

2. మీ డేటాబేస్ హద్దు దాటితే ఏం చేస్తుందో ఖాయపరచుకోండి

పోస్ట్‌గ్రెస్‌లో రెండు ఇంటిజర్లు కలిపితే ఫలితం ఇంటిజరే. రెండు స్మాల్‌ఇంట్లు గుణిస్తే స్మాల్‌ఇంటే. స్మాల్‌ఇంట్ కాలమ్‌లోని 200ని ఇంకో స్మాల్‌ఇంట్ కాలమ్‌లోని 200తో గుణించినా చాలు, 40,000 పట్టక ఎర్రరొస్తుంది. క్వెరీలో నేరుగా రాసిన 200 మాత్రం ఇంటిజర్ కింద లెక్క కాబట్టి కాలమ్ * 200 అని రాస్తే ఏమీ కాదు. ఎర్రర్ వచ్చినప్పుడల్లా ఎస్‌క్యూఎల్‌స్టేట్ (ఎర్రర్ రకం చెప్పే కోడ్) 22003 ఉంటుంది. సున్నాతో భాగిస్తే 22012. ఈ రెండింటినీ కలపొద్దు.

మైఎస్‌క్యూఎల్ పూర్ణసంఖ్యల లెక్కలన్నీ 64 బిట్లలో చేస్తుంది. 5.5 నుంచి, ఆ 64 బిట్లు కూడా దాటితే ఎర్రర్ 1690 ఇస్తుంది. కాలమ్‌లో పట్టకపోతే ఇచ్చేది 1264, అదీ స్ట్రిక్ట్ మోడ్‌లో, 5.7 నుంచి ఆ మోడ్ డిఫాల్టుగా ఉంటుంది. ఎవరో పాత అప్లికేషన్ కోసమని ఎస్‌క్యూఎల్_మోడ్‌ను ఖాళీ చేసి వదిలేశారేమో ముందు చూసుకోండి. అన్‌సైన్డ్ (మైనస్ విలువలుండని) కాలమ్‌ల నుంచి తీసివేతలో మరో గొడవ ఉంది: రెండింట్లో ఒకటి అన్‌సైన్డ్ అయినా ఫలితం అన్‌సైన్డే అవుతుంది కాబట్టి, 5 నుంచి 7 తీసేస్తే −2 రాదు, 1690 వస్తుంది. స్టాక్ మిగులు లెక్కలు రాసేవాళ్లకు ఇది తరచూ తగులుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రెండు ఇంట్‌ల లబ్ధం ఇంటే, సమ్ కూడా ఇంటే! అక్కడ వచ్చే ఎర్రర్ 8115. కౌంట్ కూడా ఇంటే ఇస్తుంది. పెద్ద టేబుల్‌కి కౌంట్_బిగ్ వాడాలి. ఒరాకిల్‌లో నంబర్ టైప్ 38 అంకెల దాకా మోస్తుంది గానీ, పీఎల్/ఎస్‌క్యూఎల్‌లోని పీఎల్‌ఎస్_ఇంటిజర్ 32 బిట్లదే, దాటితే ఓఆర్‌ఏ-01426.

వీటన్నిట్లోకీ జాగ్రత్తగా చూడాల్సింది ఎస్‌క్యూలైట్‌ని. 64 బిట్లు దాటిన కూడిక, తీసివేత, గుణకారాల్లో అది ఎర్రర్ ఇవ్వదు. ఫలితాన్ని చప్పుడు లేకుండా దశాంశ సంఖ్యగా మార్చేస్తుంది. 15–16 అంకెల తర్వాతివి పోతాయి. సమ్ మాత్రం ఇంటిజర్లన్నీ కలిపి హద్దు దాటితే ‘ఇంటిజర్ ఓవర్‌ఫ్లో’ అని ఆగుతుంది. ఫోన్ యాప్‌లో ఎస్‌క్యూలైట్, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకున్నవాళ్లు ఒకే క్వెరీ రెండు చోట్లా ఒకేలా నడుస్తుందనుకోకూడదు.

3. గుణించే ముందే వెడల్పు చేయండి

ఎక్కువ ఓవర్‌ఫ్లోలు ఒక్క బ్రాకెట్ తేడాతో వస్తాయి. ఈ వరస తప్పు:

సెలెక్ట్ (గజాలు * ధర_పైసల్లో)::బిగ్‌ఇంట్ ఫ్రమ్ స్థలాలు;

బ్రాకెట్లో గుణకారం 32 బిట్లలో జరిగి, అక్కడే పొంగిపోయి, బిగ్‌ఇంట్‌గా మార్చే దాకా లెక్క చేరదు. ఫలితాన్ని బిగ్‌ఇంట్ కాలమ్‌లో ఇన్సర్ట్ చేస్తున్నా ఇంతే. సరైనది:

సెలెక్ట్ గజాలు::బిగ్‌ఇంట్ * ధర_పైసల్లో ఫ్రమ్ స్థలాలు;

ఒక వైపు బిగ్‌ఇంట్ అయితే చాలు, రెండో వైపు దానంతటదే పెద్దదవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ ఇదే సూత్రం, కాస్ట్ ఫంక్షన్‌ను లోపలి కాలమ్‌కి చుట్టాలి.

టైప్ మార్చే డబుల్ కోలన్ (::) మైనస్ గుర్తు కంటే ముందు పనిచేస్తుంది. అందుకే −2147483648::ఇంటిజర్ అని రాస్తే, చెల్లే సంఖ్యే అయినా పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ముందు 2147483648ని ఇంటిజర్ చేయబోతుంది మరి. మైనస్‌తో సహా బ్రాకెట్లో పెట్టాలి.

శాతాల దగ్గర ఇంకా తొందరగా దెబ్బతింటాం. 18 శాతం జీఎస్‌టీకి మొత్తం * 18 / 100 అని రాస్తారు. మధ్యలో వచ్చే సంఖ్య మొత్తానికి 18 రెట్లు కాబట్టి, పైసల్లో ఉన్న ఇంటిజర్ కాలమ్ 11,93,046 రూపాయల 47 పైసల దాకానే తట్టుకుంటుంది. ఆ పైన ఒక్క పైసా పెరిగినా ఎర్రరే. తుది పన్ను 2 లక్షల చిల్లరే కదా, ఎక్కడ పొంగిందని వెతుక్కుంటూ కూర్చుంటారు. మొదట 100తో భాగించి తర్వాత 18తో గుణిస్తే ఎర్రర్ పోతుంది గానీ, పూర్ణసంఖ్యల భాగహారం చిల్లరను కోసేస్తుంది. బిల్లుకు 17 పైసల దాకా తేడా వస్తుంది. ఆడిట్‌లో అది తప్పకుండా బయటపడుతుంది. వెడల్పు చేసి, గుణించి, ఆఖర్న భాగించండి. సగానికి పైనున్నదాన్ని పైకి సరిచేయాలంటే భాగించే ముందు 50 కలపండి:

(మొత్తం::బిగ్‌ఇంట్ * 18 + 50) / 100

ఇది పాజిటివ్ మొత్తాలకే సరిపోతుంది. రిటర్నుల్లాంటి మైనస్ వరసలుంటే 50 కలిపే బదులు తీసివేయాలి, లేదా న్యూమరిక్‌ (కచ్చితమైన దశాంశ సంఖ్యల టైప్)లో రౌండ్ వాడాలి.

బిగ్‌ఇంట్‌ అయితే ఇక భయం లేదని అనుకోకండి. రెండు బిగ్‌ఇంట్‌ల లబ్ధం ఒక్కోటి 303 కోట్ల 70 లక్షలు దాటగానే పొంగుతుంది. వర్గాల మొత్తాలు, మిల్లీసెకన్లను పైసలతో గుణించే వడ్డీ లెక్కలు అక్కడికి సులభంగానే చేరతాయి. అలాంటివి న్యూమరిక్‌లో చేయండి. నెమ్మదిస్తుంది, నిజమే, కానీ రిపోర్టు క్వెరీల్లో ఆ నెమ్మది సాధారణంగా ఎవరికీ కనిపించదు.

4. మొత్తాలూ వడపోతలూ

పోస్ట్‌గ్రెస్‌లో సమ్‌కి ఇంటిజర్ కాలమ్ ఇస్తే ఫలితం బిగ్‌ఇంట్, బిగ్‌ఇంట్ ఇస్తే న్యూమరిక్. కాబట్టి సమ్ దానంతటది పొంగడం అరుదు. పొంగేది లోపలి లెక్కే. సమ్(గజాలు * ధర_పైసల్లో) అన్నప్పుడు ప్రతి వరసలోని గుణకారం ఇంకా 32 బిట్లదే. కోటి వరసల్లో ఒక్క వరస హద్దు దాటినా మొత్తం రిపోర్టు పడిపోతుంది.

పైగా ఎర్రర్ సందేశంలో ఆ వరస ఏదో ఉండదు. దోషి వరసను పట్టుకోవాలంటే అదే లెక్కను న్యూమరిక్‌లో పెట్టి వెతకాలి:

సెలెక్ట్ ఐడీ, గజాలు, ధర_పైసల్లో ఫ్రమ్ స్థలాలు వేర్ గజాలు::న్యూమరిక్ * ధర_పైసల్లో > 2147483647;

మైనస్ విలువలుండే టేబుల్ అయితే కింది హద్దుకు కూడా ఇలాంటి షరతు కలపండి.

వేర్‌లో ‘ధర తక్కువున్నవే తీసుకో, వాటినే గుణించి చూడు’ అని అండ్‌తో రెండు షరతులు రాస్తే మొదటిదే ముందు పరీక్షిస్తారన్న హామీ లేదు. ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం) తనకు చవగ్గా అనిపించిన క్రమంలో చేస్తుంది. ఈ రోజు నడిచిన క్వెరీ, గణాంకాలు మారాక రేపు ఎర్రరివ్వచ్చు. క్రమం కావాలంటే కేస్‌లో పెట్టండి; అంతకన్నా మేలు, కాలమ్‌ను వెడల్పు చేసి ఆ ప్రశ్నే లేకుండా చేసుకోవడం.

5. కాలమ్ దగ్గరే గీత గీయండి

డబ్బుకు బిగ్‌ఇంట్ పైసలు, లేదా న్యూమరిక్(15, 2). కొత్త టేబుళ్లలో ఐడీకి బిగ్‌ఇంటే. వరసకు నాలుగు బైట్లు కలిసొస్తాయని ఇంటిజర్ పెట్టడం చాలాసార్లు ఉత్తుత్తి పొదుపు, పక్క కాలమ్‌ల అమరిక కోసం ఆ నాలుగు బైట్లు ఖాళీగా వదిలేయాల్సి రావచ్చు.

దాంతోపాటు చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. గజాలు 0 నుంచి 10 లక్షలు, గజం ధర 0 నుంచి 10 కోట్ల పైసలు అని రాసి ఉంటే గరిష్ఠ లబ్ధం 10 లక్షల × 10 కోట్లు. అది బిగ్‌ఇంట్‌లో హాయిగా పడుతుందని కాగితం మీదే తేలిపోతుంది. రెండు కాలమ్‌లకూ పైహద్దు తెలియకపోతే ఏ గుణకారాన్నీ సురక్షితమని చెప్పలేం. ఈ అడుగు చిన్నదే, కానీ మిగతావాటికి ఆధారం ఇదే.

ఫైళ్ల నుంచి డేటా ఎక్కించేవాళ్లకు పోస్ట్‌గ్రెస్ 16 నుంచి పీజీ_ఇన్‌పుట్_ఈజ్_వ్యాలిడ్ అనే ఫంక్షన్ ఉంది. టెక్స్ట్‌నూ టైప్ పేరునూ ఇస్తే, ఎర్రర్ లేపకుండా పడుతుందో లేదో చెబుతుంది. పనికిరాని వరసల్ని పక్క టేబుల్‌లోకి తోసేయడానికి బాగుంటుంది.

6. సీ కోడ్‌లో: ముందు చేసి తర్వాత చూడటం కుదరదు

ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లకూ, సర్వర్ కోడ్ ముట్టుకునేవాళ్లకూ అసలు పని ఇక్కడుంది. సీ భాషలో సైన్డ్ ఇంటిజర్ హద్దు దాటితే ఏమవుతుందో ప్రమాణం చెప్పదు. అది నిర్వచించని ప్రవర్తన. కంపైలర్ దాన్ని ‘ఇలా ఎప్పటికీ జరగదు’ అని అర్థం చేసుకుంటుంది. ‘ఏ + బీ < ఏ అయితే ఎర్రర్’ అని, బీ పాజిటివ్ అని తెలిసిన చోట రాసి చూడండి. ఆప్టిమైజర్ ఆ పరీక్షనే తీసేయగలదు. పోస్ట్‌గ్రెస్ సర్వర్‌ను -ఎఫ్‌ర్యాప్‌వీ అనే ఫ్లాగ్‌తో కంపైల్ చేస్తారు కాబట్టి అక్కడ విలువ చుట్టూ తిరిగి మైనస్‌లోకి వస్తుంది, పరీక్ష బతుకుతుంది. అదే కోడ్‌ను వేరే ప్రాజెక్టులోకి కాపీ చేస్తే ఆ రక్షణ వెంట రాదు.

11వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ దీనికో పద్ధతి పెట్టింది. కామన్/ఇంట్.హెచ్ అనే హెడర్‌లో పీజీ_ఆడ్_ఎస్32_ఓవర్‌ఫ్లో, పీజీ_సబ్_ఎస్32_ఓవర్‌ఫ్లో, పీజీ_మల్_ఎస్32_ఓవర్‌ఫ్లో ఉన్నాయి. 16, 64 బిట్లకూ ఇవే పేర్లతో జోడీలున్నాయి. రెండు సంఖ్యలూ, ఫలితం చిరునామా ఇస్తే, హద్దు దాటినప్పుడు ట్రూ, లేకపోతే ఫాల్స్ తిరిగొస్తుంది. వాడే తీరు:

ఇఫ్ (అన్‌లైక్లీ(పీజీ_మల్_ఎస్64_ఓవర్‌ఫ్లో(గజాలు, ధర, &ఫలితం)))
ఈరిపోర్ట్(ఎర్రర్, (ఎర్ర్‌కోడ్(ఎర్ర్‌కోడ్_న్యూమరిక్_వాల్యూ_అవుట్_ఆఫ్_రేంజ్), ఎర్ర్‌మెసేజ్("బిగ్‌ఇంట్ అవుటాఫ్ రేంజ్")));

ఇక్కడ ఎర్ర్‌మెసేజ్ అన్నది అసలు కోడ్‌లో ఉండే ఎర్ర్‌ఎంఎస్‌జీనే. ట్రూ అంటే విజయమని పొరబడేవాళ్లున్నారు. ట్రూ అంటే పొంగిందని. పొంగినప్పుడు ఫలితంలో ఏముంటుందో నమ్ముకోకూడదు. కంపైలర్‌లో సదుపాయం లేనప్పుడు నడిచే ప్రత్యామ్నాయ కోడ్ అందులో కావాలనే ఒక చెత్త విలువ పెడుతుంది. మామూలుగా అయితే జీసీసీ, క్లాంగ్‌లలోని బిల్టిన్ ఓవర్‌ఫ్లో ఫంక్షన్లే లోపల పనిచేస్తాయి, ఖర్చు దాదాపు ఉండదు. 32 బిట్లకు బిల్టిన్ లేకపోతే 64 బిట్లలో లెక్క చేసి హద్దులతో పోల్చుతారు. 64 బిట్లకు 128 బిట్లలో.

ఈ ఫంక్షన్లలో భాగహారం లేదు. దాన్ని చేత్తో చూసుకోవాలి. భాజకం సున్నా కాదని చూశాక, −1 అయితే ప్రత్యేకంగా పట్టుకోండి: భాజ్యం కనిష్ఠ విలువైతే ఎర్రర్, కాకపోతే గుర్తు మార్చి ఇచ్చేయండి. ఈ పరీక్ష లేకుండా x86 ప్రాసెసర్‌పై కనిష్ఠాన్ని −1తో భాగిస్తే తప్పుడు జవాబు కూడా రాదు, ప్రాసెస్‌కి సిగ్నల్ పడుతుంది. ఆ సిగ్నల్‌ను పట్టుకుని ఎర్రర్‌గా మార్చే ఏర్పాటు లేని చోట ఆ బ్యాకెండ్ (ఒక కనెక్షన్ పని చూసే సర్వర్ ప్రాసెస్) కూలుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక బ్యాకెండ్ అలా పడిపోతే మిగతా కనెక్షన్లన్నీ తెగి సర్వర్ రికవరీలోకి వెళ్తుంది. ఒక మామూలు సెలెక్ట్‌తో అంతపని కావచ్చన్నమాట. శేషం తీసేటప్పుడు కూడా అంతే: −1తో శేషం ఎప్పుడూ సున్నాయే కాబట్టి నేరుగా సున్నా తిరిగివ్వండి.

16 బిట్ల సంఖ్యల్లో ఒక చిత్రముంది. సీ వాటిని లెక్కకు ముందు ఇంట్‌గా పెంచుతుంది. దాంతో రెండు 16 బిట్ల సైన్డ్ సంఖ్యల కూడిక పొంగదు, తిరిగి 16 బిట్లలో పెట్టినప్పుడు కోతపడుతుంది. అన్‌సైన్డ్ 16 బిట్లవి రెండు 65,535లు గుణిస్తే మాత్రం, పెరిగిన ఇంట్ సైన్డ్ కాబట్టి అదే పొంగుతుంది. అన్‌సైన్డ్ అనుకున్న లెక్క నిర్వచించని ప్రవర్తనలో పడటం ఇలాగే.

దశాంశం నుంచి 64 బిట్లకు మార్చేటప్పుడు ‘విలువ గరిష్ఠం కన్నా తక్కువ లేదా సమానం’ అని రాయకండి. 64 బిట్ల గరిష్ఠం డబుల్‌లో సరిగ్గా పట్టదు, 2 ఘాతం 63కి పెరుగుతుంది. ఆ ఒక్క విలువా పరీక్ష దాటి లోపలికొస్తుంది. 2 ఘాతం 63 కంటే ఖచ్చితంగా తక్కువ అని చూడాలి. దీనికి సర్వర్‌లో ఫ్లోట్8_ఫిట్స్_ఇన్_ఇంట్64 అనే మాక్రో ఉంది, దాన్నే వాడండి. నాన్ (‘సంఖ్య కాదు’ అని సూచించే) విలువను విడిగా చూడండి.

సార్టింగ్ కోసం రాసే పోలిక ఫంక్షన్లో ‘ఏ − బీ’ తిరిగివ్వడం పాత అలవాటు. ఏ పెద్ద పాజిటివ్, బీ పెద్ద నెగెటివ్ అయితే గుర్తు తిరగబడి వరస చెడుతుంది. ఇండెక్స్‌కి అలాంటి పోలిక పెడితే వరసలు ఉండి కూడా దొరకవు. 17వ వెర్షన్ నుంచి పీజీ_సీఎంపీ_ఎస్32 వంటివి ఉన్నాయి. పాతవాటిలో రెండు పోలికలు విడివిడిగా రాసుకోండి.

అన్నిటికన్నా ప్రమాదం మెమొరీ పరిమాణం లెక్కల్లో ఉంది. అంశాల సంఖ్యను ఒక్కో అంశం సైజుతో గుణించి ఆ మేరకు మెమొరీ అడుగుతాం. ఆ గుణకారం పొంగితే చిన్న ముక్కే దొరుకుతుంది, రాసేది మాత్రం పెద్దది. 2021లో బయటపడిన సీవీఈ-2021-32027, 2023లో వచ్చిన సీవీఈ-2023-5869 (సీవీఈ అంటే భద్రతా లోపానికిచ్చే గుర్తింపు నంబరు) రెండూ పోస్ట్‌గ్రెస్ అర్రేల సూచికల లెక్కల్లో ఓవర్‌ఫ్లో పరీక్ష లేకపోవడం వల్ల వచ్చినవే. లాగిన్ అయిన మామూలు వాడుకరి సర్వర్ మెమొరీలో రాయగలిగే స్థాయి లోపాలవి. రెండోది 16.1, 15.5, 14.10 వంటి విడుదలల్లో సరిదిద్దారు. షేర్డ్ మెమొరీకైతే ఆడ్_సైజ్, మల్_సైజ్ ఉన్నాయి, అవే పరీక్షించి ఎర్రరిస్తాయి. మెమొరీ అడిగే పీఅలాక్ ఫంక్షన్ ఒక గిగాబైటు దాటిన అభ్యర్థనను తిరస్కరిస్తుంది గానీ, చుట్టూ తిరిగి చిన్నదైపోయిన సంఖ్యను అది గుర్తుపట్టలేదు. అంశాల సంఖ్యను గరిష్ఠ పరిమాణం / అంశం సైజుతో పోల్చి, ఆ తర్వాతే గుణించండి.

పొంగిన ప్రతిసారీ ఎర్రరే ఇవ్వాలనీ లేదు. వరసగా సంఖ్యలిచ్చే జనరేట్_సిరీస్ ఫంక్షన్లో తర్వాతి విలువ హద్దు దాటితే సిరీస్ అయిపోయిందని అర్థం, ఎర్రర్ ఇస్తే తప్పు. విండో ఫంక్షన్లలో ‘ఈ విలువకు 100 లోపు’ అన్న పరీక్షలో ఆధార విలువకు 100 కలిపినప్పుడు పొంగితే, ఆ మొత్తం టైప్‌లోని ఏ విలువకన్నా పెద్దదే. జవాబు అప్పటికే తెలిసిపోయింది. పోస్ట్‌గ్రెస్ ఆ రెండు చోట్లా అలాగే చేస్తుంది. కోడ్ రాసేటప్పుడు ‘ఇక్కడ పొంగితే గణితపరంగా జవాబేంటి?’ అని ఒకసారి ఆలోచించండి.

7. అప్లికేషన్ భాషలో

డేటాబేస్ ఎంత కట్టుదిట్టంగా ఉన్నా జావా ఇంట్, గో ఇంట్‌లు చప్పుడు లేకుండా చుట్టుకుంటాయి. జావాలో మ్యాథ్.మల్టిప్లైఎగ్జాక్ట్, మ్యాథ్.టుఇంట్‌ఎగ్జాక్ట్ వాడితే ఎక్సెప్షన్ వస్తుంది. రస్ట్ డీబగ్ బిల్డ్‌లో ఆగుతుంది, రిలీజ్ బిల్డ్‌లో డిఫాల్టుగా చుట్టుకుంటుంది, చెక్డ్_మల్ రాయండి. జావాస్క్రిప్ట్ నంబరు 9,00,71,99,25,47,40,991 దాటితే చివరి అంకెలు తప్పుతుంది. అందుకే నోడ్‌లోని పోస్ట్‌గ్రెస్ డ్రైవరు బిగ్‌ఇంట్‌ని స్ట్రింగ్‌గా ఇస్తుంది. దాన్ని పార్స్‌ఇంట్‌లో చుట్టేసి ‘సరిచేయడం’ ఆ జాగ్రత్తను పాడుచేయడమే.

8. ఎర్రర్ వస్తే

22003ని మళ్లీ ప్రయత్నించే జాబితాలో పెట్టొద్దు. డెడ్‌లాక్‌లా అది కాసేపట్లో పోయేది కాదు, అదే ఇన్‌పుట్‌కి వందసార్లూ వస్తుంది. క్యూలో ఇలాంటి ఒక్క మెసేజ్ ఉంటే వెనకవన్నీ ఆగిపోతాయి. ఇన్‌పుట్ విలువలతో సహా లాగ్ చేసి, పక్కకు తీసి, మనిషికి చూపించండి. ఎక్సెప్షన్ వెన్ అదర్స్ అని పట్టుకుని సున్నా తిరిగిచ్చే ప్రొసీజర్ కనిపిస్తే అది ఓవర్‌ఫ్లో కంటే చెడ్డది, ఎందుకంటే తప్పు ఇక ఎప్పటికీ బయటపడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ఎర్రర్ మొత్తం ట్రాన్సాక్షన్‌ను చెడగొడుతుంది. బ్యాచ్‌లో మిగతా వరసలు నిలబడాలంటే సేవ్‌పాయింట్ కావాలి.

9. ఏ విలువలతో పరీక్షించాలి?

0, 1, −1, గరిష్ఠం, దానికి ఒకటి తక్కువ, కనిష్ఠం, దానికి ఒకటి ఎక్కువ. ఈ ఏడింటినీ ప్రతి ఆపరేటర్‌కి రెండు వైపులా అన్ని జతలుగా ఇవ్వండి. 49 జతలే కదా. గుణకారానికి అంచు విలువలు విడిగా ఉన్నాయి: 32 బిట్లకు 46,340 వర్గం పడుతుంది, 46,341 వర్గం పడదు. 64 బిట్లకు 303,70,00,499 పడుతుంది, 303,70,00,500 పడదు. సరైన జవాబును న్యూమరిక్‌లో లెక్కించి పోల్చండి.

జీసీసీలో సైన్డ్ ఓవర్‌ఫ్లో సానిటైజర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లో పొంగినచోట చెప్పే పరీక్ష సాధనం) పెట్టుకుంటే, -ఎఫ్‌ర్యాప్‌వీ కూడా ఉన్న బిల్డ్‌లో అది నోరు మెదపదు. ఫ్లాగ్ తీసేసిన ప్రత్యేక బిల్డ్ కావాలి.

10. ఐడీలు నిండకముందే కాలమ్‌ను పెంచండి

2018 నవంబర్ 8న బేస్‌క్యాంప్ 3 అనే ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్ దాదాపు ఐదు గంటలు చదవడానికి తప్ప రాయడానికి పనికిరాకుండా పోయింది. కారణం వాళ్లే చెప్పారు: ఒక ట్రాకింగ్ టేబుల్ ఐడీ 2,14,74,83,647కి చేరింది. వాళ్లు వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ రెయిల్స్ అప్పటికి ఏడాది ముందే 5.1లో కొత్త టేబుళ్లకు బిగ్‌ఇంట్ డిఫాల్ట్ చేసింది. పాత టేబుల్ మాత్రం పాతగానే ఉంది.

సెకనుకు 1,000 నంబర్లు పోతే ఇంటిజర్ 25 రోజుల్లోపే అయిపోతుంది. టేబుల్‌లో వరసలెన్నో చూసి ధైర్యం తెచ్చుకోకండి. రోల్‌బ్యాక్ అయిన ఇన్సర్టూ, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ వల్ల ఏమీ రాయని ఇన్సర్టూ సీక్వెన్స్ (ఐడీలకు వరస నంబర్లిచ్చేది) నంబరును తినేస్తాయి. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో ఇన్సర్ట్ ఇగ్నోర్ కూడా అంతే. పది లక్షల వరసల టేబుల్ సీక్వెన్స్ 200 కోట్ల దగ్గర ఉండటం వింతేమీ కాదు. పీజీ_సీక్వెన్సెస్‌లో లాస్ట్_వాల్యూని కాలమ్ టైప్ గరిష్ఠంతో పోల్చండి. సీక్వెన్స్ బిగ్‌ఇంట్‌ది, కాలమ్ ఇంటిజర్‌ది అయ్యుండొచ్చు కాబట్టి సీక్వెన్స్ గరిష్ఠం చూస్తే మోసపోతారు. 50 శాతం దగ్గర పని మొదలుపెట్టండి, 75 దగ్గర అలారం మోగాలి.

ఆల్టర్ కాలమ్ టైప్ బిగ్‌ఇంట్ అనేస్తే టేబుల్ మొత్తం తిరగరాస్తుంది, ఆసాంతం ఎవర్నీ చదవనివ్వదు కూడా. పెద్ద టేబుల్‌కి ఈ క్రమం పాటించండి. ముందు అప్లికేషన్ మోడళ్లలో ఐడీని లాంగ్ చేసి విడుదల చేయండి. తర్వాత, ఆ ఐడీని ఫారిన్ కీగా పెట్టుకున్న పిల్ల టేబుళ్లను మార్చండి. బిగ్‌ఇంట్ పిల్ల, ఇంటిజర్ తల్లిని సూచించడంలో ఇబ్బంది లేదు. ఆపైన అసలు టేబుల్‌కి డిఫాల్ట్ లేని కొత్త బిగ్‌ఇంట్ కాలమ్ కలపండి, ఇది క్షణంలో అవుతుంది. ఇన్సర్ట్, అప్‌డేట్ ముందు పాత ఐడీని కొత్త దాంట్లోకి రాసే ట్రిగర్ పెట్టండి. పాత వరసల్ని 5,000–10,000 చొప్పున నింపండి, మధ్యమధ్య వాక్యూమ్‌కి (పాత వరసల చెత్తను ఊడ్చే పనికి) వ్యవధివ్వండి. యునీక్ ఇండెక్స్‌ను కంకరెంట్లీ (రాతల్ని ఆపకుండా) కట్టండి. కొత్త కాలమ్ నల్ కాదన్న చెక్‌ను నాట్ వ్యాలిడ్‌గా (పాత వరసల్ని అప్పుడే పరీక్షించకుండా) కలిపి, విడిగా వ్యాలిడేట్ చేయండి. 12వ వెర్షన్ నుంచి సెట్ నాట్ నల్ ఆ చెక్‌ను చూసి టేబుల్ మళ్లీ చదవకుండా వదిలేస్తుంది.

చివరి మార్పిడి ఒకే ట్రాన్సాక్షన్లో, లాక్_టైమౌట్ 2–3 సెకన్లు పెట్టి: ట్రిగర్ తీసేయడం, ఫారిన్ కీలూ పాత ప్రైమరీ కీ తొలగించడం, పేర్లు మార్చడం, ఇండెక్స్‌తో కొత్త ప్రైమరీ కీ, డిఫాల్ట్‌నూ సీక్వెన్స్ యాజమాన్యాన్నీ కొత్త కాలమ్‌కి ఇవ్వడం, ఆల్టర్ సీక్వెన్స్ ఆజ్ బిగ్‌ఇంట్. ఫారిన్ కీలు నాట్ వ్యాలిడ్‌గా తిరిగి పెట్టి తర్వాత వ్యాలిడేట్ చేయొచ్చు. ఇది ప్రొడక్షన్‌లో చేసే ముందు స్టేజింగ్‌లో సీక్వెన్స్‌ని 2147483640 దగ్గర పెట్టి ఓ పాతిక వరసలు చొప్పించి, వాటిని ప్రతి స్క్రీన్‌లో, ప్రతి ఎగుమతి ఫైల్లో తెరిచి చూడండి. ఎక్కడో ఒక రిపోర్టింగ్ టూల్ 32 బిట్లలోనే మిగిలి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ పనిలో చాలాభాగం జీహెచ్-ఓఎస్‌టీ, పీటీ-ఆన్‌లైన్-స్కీమా-చేంజ్ అనే టూల్స్ చేసిపెడతాయి.

ఈ పనికి వ్యవధి లేకుండా నంబర్లు రేపో ఎల్లుండో అయిపోయే పరిస్థితి ఉంటే ఒక తాత్కాలిక ఉపాయముంది. సీక్వెన్స్ మిన్‌వాల్యూను −2147483648కి మార్చి అక్కణ్ణుంచే రీస్టార్ట్ చేయండి. ఇంకో 214 కోట్ల నంబర్లు దొరుకుతాయి. ఐడీ వరసను బట్టి ‘తాజావి ముందు’ అని చూపించే స్క్రీన్లు తలకిందులవుతాయి, ‘ఐడీ > 0’ అని పరీక్షించే కోడ్ ఒప్పుకోదు. అవి రెండూ మీ దగ్గర ఎక్కడెక్కడున్నాయో ముందు రెపోలో వెతికి చూసుకుని, ఆ తర్వాతే ఈ కమాండ్ కొట్టండి.